మ్యాచింగ్ సెంటర్లో లేని నీలం

మా అక్కది దిల్‌సుఖ్‌నగర్‌లో మ్యాచింగ్ సెంటర్. చీరలు అమ్మదు. చీర మీదికి జాకెట్ గుడ్డ, లైనింగ్, ఫాల్, లంగా, దారపు ఉండ, ఇవే. మెట్రో స్తంభాల పక్కనుంచి లోపలికి తిరిగే సందులో, ఇద్దరు లావుపాటి ఆడవాళ్లు ఒకేసారి పట్టని షాపు. గోడల నిండా నేల నుంచి కప్పు దాకా గుడ్డలే. మనకు ఒకటే నీలంగా కనిపించేది ఆమెకు పెద్ద వరుస. ఇంకు బ్లూ, రామా బ్లూ, ఆనంద బ్లూ, నెమలి కంఠం, ఆకాశం రంగు. పేరు చెబితే తల తిప్పకుండానే చేయి వేసి తీస్తుంది. తీస్తుంది అని రాశాను గానీ, తీసేది అని రాయాలి.

ఆ షాపుకి ఒక కట్టుబాటు ఉండేది. ఫోన్‌లో చీర ఫోటో చూపించి గుడ్డ ఇమ్మంటే ఇచ్చేది కాదు. "ఫోన్ల రంగు నమ్మరాదమ్మా, చీర పట్టుకరా" అని పంపేసేది. చీర తెచ్చినా ట్యూబులైటు కింద తేల్చేది కాదు. చెంగూ, గుడ్డ అంచూ పట్టుకుని సందులోకి నడిచి, ఎండలో ఒకదాని మీద ఒకటి పెట్టి, కళ్లు చికిలించి చూసి, అప్పుడు కత్తెర వేసేది. మబ్బు పట్టిన రోజు "రేపు రా" అని తిప్పి పంపిన సందర్భాలు కూడా ఉన్నాయి. బేరం పోతోందని బావ గొణిగేవాడు. బావ పోయాక గొణిగేవాళ్లు కూడా లేకుండా పోయారు.

ఒకరోజు ఆ షాపుకి ఒక పెళ్లికూతురు జాకెట్ల కోసం వచ్చింది. ఇంగ్లండ్‌లో చదువుకుని వచ్చిన పిల్ల. తాను చదివిన ఊరు చాలా చిన్నదనీ, ఊరి మధ్యలో మాత్రం కొండంత చర్చి ఉందనీ చెప్పి, ఆ చర్చిలోని రంగుటద్దాల కిటికీ ఫోటో చూపించింది. ఎప్పటివో గాజు ముక్కలు, సీసం పట్టీలతో అతికినవి. అక్క ఫోటోను వేళ్లతో పెద్దది చేసుకుని చాలాసేపు చూసిందట. ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసింది.

"గా నీలం నా షాపుల లేదే" అంది.

"ఫోన్ల రంగు నమ్మరాదంటవ్ గదా" అని ఎగతాళి చేశాను.

"అందుకనే చెప్తున్న. పోయి కండ్లతోని చూడాలె."

అప్పుడు నవ్వేశాను. ఆ తర్వాత కొద్ది రోజులకే నవ్వే పరిస్థితి లేకుండా పోయింది. అక్క షుగర్ కంటి వెనక పొరకు పాకింది. దవాఖానలో డాక్టర్ కంట్లోకి ఇంజెక్షన్ ఇచ్చి, చూపు పోవడాన్ని కొంత నెమ్మది చేయగలం గానీ ఆపలేమని చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను. అక్క ఏడవలేదు. "ముందు రంగులు పోతయా సారూ, చూపు పోతదా?" అని అడిగింది. రంగులే ముందు మసకబారవచ్చని ఆయన అన్నాడు. ఆటోలో ఎల్బీనగర్‌లోని ఇంటికి వచ్చాం. దిగేముందు నా వైపు తిరిగి, "గా ఊరికి పోదామే" అంది.

అడగడానికి మొహమాటపడే మనిషి కాదు మా అక్క. పది రకాలుగా అడుగుతుంది, పదకొండోసారి అలుగుతుంది. ఆ రోజు మాత్రం ఒక్కసారే అడిగి ఊరుకుంది. అందుకే కాదనలేకపోయాను.

తెలుగువాళ్లను గుంపుగా తీసుకుపోయే టూర్లు ఉంటాయి. తిండి కూడా వాళ్లే చూసుకుంటారు. అన్నీ వెతికి, ఆ చిన్న ఊళ్లో ఒక పూట ఆగే టూర్ పట్టుకున్నాం. మిగతా రోజులన్నీ ఏవేవో కోటలూ వంతెనలూ ఉన్నాయి, అవి అక్కకు అక్కర్లేదు. లండన్‌లో రాజుగారి ఇంటి ముందు అందరూ ఫోటోలు దిగుతుంటే ఆమె బస్సులో కూర్చుని కంట్లో చుక్కలు వేయించుకుంది. నేను మీర్‌పేట్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెబుతాను కాబట్టి ఆమెకు నోరూ చెవులూ నేనే. అడిగినా అడగకపోయినా ప్రతి మాటా తెలుగు చేసి చెప్పడం నాకు అలవాటు. నోరు ఊరుకోదు నాకు.

ఆ ఊరి లోపలికి పెద్ద బస్సులను రానివ్వరు. పాత కోట గోడ బయట దిగి నడవాలి. అక్కడ మాకోసం ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. పొడుగ్గా, సన్నగా, మెడలో గైడు బిళ్ల, చేతిలో కర్ర. ఊరంతా నడిపించి చూపించడం ఆయన పని. పెద్ద చర్చిలో పొద్దున ప్రార్థన జరుగుతోందనీ, ముందు ఊరు చూసి, భోజనం చేసి, తర్వాత లోపలికి వెళదామనీ అన్నాడు. మా టూర్ మేనేజర్ గుంటూరు వైపు మనిషి. "రండమ్మా రండి, నాలుగింటికల్లా బస్సెక్కేయాలండి, మళ్లీ ఆగడు వాడు" అని అందరినీ తోలుకొచ్చాడు.

గోడలో ఉన్న రాతి గుమ్మం దాటగానే సందులు మొదలయ్యాయి. రెండు పక్కలా పాత ఇళ్లు, తెల్ల గోడల మీద నల్ల దూలాలు. కింది అంతస్తు కంటే పై అంతస్తు వీధి మీదికి జరిగి ఉంది, దాని పైది ఇంకాస్త జరిగి ఉంది. ఎదురెదురు మేడల వాళ్లు కిటికీల్లోంచి చేతులు కలుపుకోవచ్చు. అక్క తలెత్తి చూసింది.

"మన ఎల్బీనగరోళ్లు రోడ్డు మీదికి మెట్లే జరుపుతరు. వీళ్లు మేడకు మేడ జరిపిండ్రు. గీడికి మున్సిపాలిటోళ్లు రారా?" అంది.

నేను దాన్ని ఇంగ్లీషు చేసి చెబితే గైడు కర్ర మీద ఒరిగి మరీ నవ్వాడు. అప్పట్నుంచి ఆయన ఏం చెప్పినా అక్క వైపు చూసే చెప్పాడు. సంత జరిగే చోటు చూపించాడు, రాళ్లు పరిచిన వాలు వీధి దించాడు, చిన్న ఏటి మీద వంతెన ఎక్కించాడు. మిగతావాళ్లకు ఫోటోల తొందర, షాపింగ్ తొందర. ఏటి ఒడ్డున ఒక సందు దగ్గర ఆగి, ఒకప్పుడు ఇక్కడ బట్టలకు రంగులద్దేవాళ్లు ఉండేవాళ్లని ఆయన చెప్పాడు. అక్క నా చేయి వదిలి ముందుకు పోయింది.

"ఏం రంగులేసేటోళ్లో అడుగు."

ఒక ఆకు నుంచి నీలం తీసేవాళ్లట. మన నీలిమందు లాంటిదే, అంత ముదురుగా రాదు. ఏటిలో గుడ్డలు జాడిస్తే నీళ్లు ఒకరోజు నీలంగా, ఒకరోజు ఎర్రగా పారేవట. అక్క వంతెన గోడ పట్టుకుని ఆ నీళ్లను చూస్తూ ఉండిపోయింది. నీళ్లు ఇప్పుడు మామూలు నీళ్లే. కిటికీల్లోని నీలం కూడా ఇట్లాగే వచ్చిందా అని అడిగించింది. అది ఆకు కాదు, గాజు కరిగేటప్పుడు ఒక ఖనిజం కలుపుతారని ఆయన చెప్పి, "మధ్యాహ్నం మీ అక్కగారిని ఆ కిటికీ కింద నేనే నిలబెడతాను" అన్నాడు. నేను తెలుగు చేసి చెప్పాను. ఆమె అంత సంతోషంగా ఉండడం బావ పోయాక నేను చూడలేదు.

భోజనానికి చర్చి వెనక పచ్చిక మీదికి తీసుకెళ్లాడు మేనేజర్. లండన్‌లో తెలుగువాళ్ల హోటల్ నుంచి పొద్దున్నే కట్టించుకొచ్చిన పులిహోర, పెరుగన్నం. పచ్చిక నిండా అక్కడక్కడా నడుము ఎత్తున రాతి బల్లలు ఉన్నాయి, పాచి పట్టి, మూలలు అరిగి. తినడానికే కట్టించారనుకున్నాం. దూరంగా ఇంగ్లీషువాళ్లు కూడా అలాంటి ఒక బల్ల మీద కాగితం పొట్లాలు పెట్టుకుని తింటున్నారు. మనవాళ్లు పేపర్లు పరిచి, డబ్బాలు సర్దారు. ఒకావిడ బ్యాగులోంచి మామిడికాయ పచ్చడి తీసింది. చలి గాలిలో పులిహోర ఎంత బాగుందో చెప్పలేను. అక్క రెండుసార్లు పెట్టించుకుంది.

అందరం తినడం అయ్యేసరికి గైడు తిరిగొచ్చాడు. మమ్మల్ని చూసి చిరునవ్వు నవ్వాడు. "మంచి చోటే చూసుకున్నారు. ఈ పెద్దమనిషి ఎన్నో ఏళ్లుగా ఒక్కడే పడుకుని ఉన్నాడు, తోడు దొరికినందుకు సంతోషిస్తాడు" అని మా బల్ల మీద చేత్తో తట్టాడు.

పొద్దున్నుంచీ ప్రతి మాటా చెప్పుకుంటూ వచ్చినదాన్ని. దీన్ని కూడా నవ్వుతూ చెప్పేశాను.

"అక్కా, మనం ఒకాయన సమాధి మీద పులిహోర పెట్టుకున్నమంట."

అక్క చేయి కడుక్కుంటోంది. సీసా దించింది.

"బొందనా?"

అప్పుడు చుట్టూ చూశాం. రాతి బల్లలు అన్నీ అవే. పచ్చికలో సగం పూడుకుపోయి ఒరిగిన పలకలు కూడా అవే. మనవైపు మనిషి పోయిన మూడో రోజు, ఆ మనిషికి ఇష్టమైనవి వండి, బొంద మీద పెట్టి, కాకి ముట్టే దాకా దూరంగా నిలబడతారు. పిట్టకు పెట్టుడు అంటారు దాన్ని. ఆ తర్వాత తలస్నానం చేయందే ఇంట్లో కూడా అడుగు పెట్టరు.

"పిట్టకు పెట్టినట్టు పెట్టి, మనమే తింటిమి" అంది అక్క. ఆ మాటకు ఇద్దరు ముగ్గురు గబుక్కున లేచారు. పచ్చడి ఆవిడ మూత కూడా పెట్టకుండా సీసాను సంచిలో వేసుకుంది. తెలిసి చేసింది కాదు కదా అని ఒకాయన, దేశం కాని దేశంలో మైలేమిటని ఇంకొకాయన సర్దిచెప్పారు. అందరూ సీసాల నీళ్లతో కాళ్లు కడుక్కుని, నెత్తిన నాలుగు చుక్కలు చల్లుకుని గైడు వెంట చర్చిలోకి పోయారు. అక్క మాత్రం గేటు పక్కన మెట్టు మీద కూర్చుంది.

"మీరు పోయి చూసి రాండ్రి. నేను ఈడ్నే కూసుంట."

"ఏందక్కా, వాళ్ల దేవుడు, వాళ్ల సమాధి. మనకెట్ల మైల అయితది?"

"దేవుడు ఎవరైతేంది, గుడి గుడే. బొందల గడ్డకు పోయొచ్చి తానం చెయ్యకుండ గుడిల కాలు పెట్టాల్నా?"

ఆ గుడి చూడడానికే కదా ఇంత దూరం వచ్చాం అన్నాను. తెలుసు అంది. కళ్ల సంగతి గుర్తుచేశాను. దానికి ఆమె నా వైపు చూసిన చూపుకు నాకు ఇంకా కోపం వచ్చింది. నాకు వాదనలో ఓడిపోవడం చేతకాదు. ఏదో ఒక ఆధారం పట్టుకొచ్చి ఆమె నోరు మూయించాలని విసురుగా లోపలికి నడిచాను.

ద్వారం దాటగానే కాలి కింద అక్షరాలు కనిపించాయి. ఒక పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు. ఇంకో అడుగు వేస్తే ఇంకో పేరు. నేలంతా సమాధి పలకలే. బిషప్పులు, సైనికులు, ఒక పసిపిల్ల. జనం వాటి మీద నడిచి నడిచి కొన్ని పేర్లు సగం అరిగిపోయాయి. నాకు కావలసింది దొరికింది. తల వంచుకుని ఒక్కొక్కటే చదువుకుంటూ ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచాను. మా వాళ్లంతా ఒక చోట గుంపుగా నిలబడి తలలు పైకెత్తి ఉన్నారు. గైడు కర్రతో పైకి చూపిస్తూ ఏదో చెబుతున్నాడు. ఆయన గొంతు వినిపిస్తూనే ఉంది. నేను వాళ్ల కాళ్ల పక్కన ఉన్న పలకలు కూడా చదివి, వెనక్కి తిరిగి బయటికి వచ్చేశాను.

"అక్కా, లోపల నేలంతా బొందలే. వాళ్ల పెద్దోళ్లను గుడిల్నే పాతిపెట్టుకున్నరు. గుడిలనే ఉన్నంక వాళ్లకు మైల లేనట్టే గదా. పా ఇగ."

ఆమె మొహం చూశాక గానీ నేనేం చేశానో అర్థం కాలేదు.

"గుడి లోపట బొందలా? గట్లయితే అసలుకే ఒద్దు. మనుషులను తొక్కుకుంట పోవాల్నా?"

నా కోపం నషాళానికి అంటింది. "ఇంత దూరం నీ పిచ్చి కోసమే వచ్చినం. చూస్తే చూడు, లేకుంటే నీ ఖర్మ" అన్నాను. నలుగురూ తిరిగి చూశారు. అక్క చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. నేను అటు తిరిగి నిలబడ్డాను. మా వాళ్లు ఒక్కొక్కరే బయటికి వచ్చి, ఎంత బాగుందో అనుకుంటూ బజారు వైపు పోయారు. గైడు వచ్చి, అక్క కోసం కిటికీ కింద చూశాననీ, ఏమైందనీ అడిగాడు. ఒంట్లో బాగాలేదని చెప్పాను. ఆయన అక్కకు తల వంచి నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

చాలాసేపటికి అక్క లేచింది.

"జర నీళ్లు ఏడ దొరుకుతయో చూడు. తల మీద పోస్కుంట. పేర్ల మీద కాలు పడకుండ పక్కపొంటి నడుస్త."

వీధి చివర ఒక టీ కొట్టు ఉంది. అక్కడ టీ కొనుక్కుని, వాళ్ల బాత్రూమ్‌లో కడగడానికి ఉన్న చిన్న తొట్టి మీద అక్క తల వంచింది. సీసాతో నీళ్లు పట్టి నేనే పోశాను. మంచులాంటి నీళ్లు. పళ్లు టకటకా కొట్టుకుంటున్నా "ఇంగ పొయ్యి" అంటూనే ఉంది. మెడ మీదుగా జాకెట్ తడిసింది. నా శాలువాతో తుడిచి, స్వెట్టర్ వేసి, చేయి పట్టుకుని దాదాపు లాక్కుంటూ తెచ్చాను.

ద్వారానికి అడ్డంగా తాడు కట్టి ఉంది. పక్కన నల్ల గౌను వేసుకున్న ఒక పెద్దావిడ. లోపల పాటల రికార్డింగ్ మొదలైందనీ, ఇక ఇవాళ ఎవరినీ పంపరనీ చెప్పింది. ఒక్క నిమిషం చాలన్నాను. మా అక్క కళ్ల సంగతి చెప్పాను. తడిసిన జుట్టు చూపించాను. నాకొచ్చిన ఇంగ్లీషంతా అక్కడ ఖర్చు పెట్టాను. ఆవిడ నిజంగానే బాధపడింది, అక్క చేయి కూడా పట్టుకుంది. తాడు మాత్రం తీయలేదు. రేపు పొద్దున్నే రండి, నేనే దగ్గరుండి చూపిస్తానంది. రేపు పొద్దున మేం ఇంకో ఊళ్లో ఉండాలి.

"బయట నిలబడి చూస్తే కనబడదా?" అని అడిగింది అక్క.

చర్చి చుట్టూ తిరిగి ఆ కిటికీ ఉన్న వైపు వచ్చాం. గోడ ఎత్తున పొడవాటి కిటికీ. అన్నీ నల్లటి ముక్కలు, వాటి మధ్య సీసం గీతలు, పక్షులు పాడుచేయకుండా బయట వేసిన జాలీ.

"ఇదేనా?"

"ఇదే."

"బొగ్గు లెక్క ఉన్నదేందే?"

లోపల నిలబడితే బయటి వెలుతురు గాజులోంచి వచ్చి రంగు కనిపిస్తుందనీ, బయటినుంచి చూస్తే ఇంతేననీ చెప్పాను. ఆమె ఒక కన్ను మూసి, ఇంకో కన్ను మూసి చూసింది. లోపల్నుంచి పాట సన్నగా వినిపిస్తోంది. "గుడ్డకు గీ లొల్లి లేదు. ఏ పక్కకెళ్లి చూసినా రంగు రంగే" అంది. మేనేజర్ ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. "అమ్మా, అందరూ ఎక్కేశారండీ, మీ ఇద్దరి కోసమే ఆగామండీ."

బస్సులో ఆమె తల నా భుజం మీద పెట్టుకుంది. జుట్టు ఇంకా తడిగా ఉంది. నేను క్షమించమని అడగలేదు. ఆమె నన్ను ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

తిరిగొచ్చాక ఆ టూర్ కథను షాపుకి వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పింది అక్క. బొంద మీద పులిహోర దగ్గర అందరూ పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు. కిటికీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం, "నాకు ప్రాప్తం లేదు, మా చెల్లె లోపటికి పోయి చూసొచ్చింది" అనేది, కొంత గొప్పగానే. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు నేను షాపులోనే ఉన్నాను. చూడలేదక్కా, నేల చదువుకుంటూ తిరిగాను, ఒక్కసారి కూడా తలెత్తలేదు అని చెప్పాల్సింది. చుట్టూ నలుగురు ఉన్నారు. తర్వాత చెబుదాంలే అనుకున్నాను. ఆ తర్వాత చెప్పడం రోజురోజుకూ కష్టమైంది.

డాక్టర్ చెప్పినట్టే జరిగింది. ముందు ఆకుపచ్చకూ నీలానికీ తేడా పోయింది. ఎండలోకి వెళ్లి, గుడ్డ మీద గుడ్డ పెట్టి, పక్క షాపు పిల్లను పిలిచి "కలిసిందా బిడ్డా?" అని అడగడం మొదలుపెట్టింది. ఒకరోజు ఎవరిదో పెళ్లి చీరకు తప్పు గుడ్డ కత్తిరించింది. మర్నాటి నుంచి కోడలిని కూర్చోబెట్టి తాను రావడం మానేసింది. ఇప్పుడు కుడికన్ను పూర్తిగా పోయింది. ఎడమకంటికి వెలుగూ చీకటీ తెలుస్తాయి.

మొన్న దవాఖానకు నేనే తీసుకెళ్లాను. కంట్లో చుక్కలు వేసి, కళ్లు మూసుకుని కూర్చోమన్నారు. కుర్చీల్లో పక్కపక్కనే కూర్చున్నాం. ఉన్నట్టుండి అడిగింది.

"ఎన్నడూ అడగలే నిన్ను. గా నీలం ఎట్లుండెనే? ఆనంద బ్లూ దిక్కుండెనా, ఇంకు బ్లూ దిక్కుండెనా?"

ఫోన్లో ఫోటోలు ఎన్నో చూశాను, మా గుంపులో ప్రతివాళ్లూ తీశారు. ఒక్కోదాంట్లో ఒక్కో నీలం. ఇప్పుడైనా చెప్పేద్దామని నోరు తెరిచాను. ఆమె మూసిన కళ్లతో నా వైపు తిరిగి, చెవి ఒగ్గి కూర్చుంది.

"రెండిట్ల ఏదీ కాదక్కా. ఇంకా లోతు" అన్నాను.

అక్క తలూపింది. ఆ లోతు ఎంతో మనసులో కొలుచుకున్నట్టు కొంగు అంచును వేళ్ల మధ్య నలిపింది. తర్వాత తడుముకుని నా చేయి పట్టుకుంది.

"పోనీతియ్యే. ఇద్దర్ల ఒక్కదానివన్న చూసినవ్" అంది.

అవునక్కా, అన్నాను.